అటెండెన్స్ సాఫ్ట్‌వేర్‌లో జాడ పడని ఎడిట్ స్క్రీన్ రాయమంటున్నారు. రాయాలా?

సెమికోలన్_శీను
ఆరేళ్ల ఎక్స్‌పీరియన్స్, డాట్‌నెట్, ఎస్‌క్యూఎల్ సర్వర్. హైదరాబాద్‌లో పద్నాలుగు మంది ఉన్న చిన్న కంపెనీ. కాలేజీలకి అటెండెన్స్, ఫీజులు, ఇంటర్నల్ మార్కుల సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. గేటు దగ్గర వేలిముద్ర మెషిన్, దాని డేటా మా సర్వర్‌కి, అక్కడి నుంచి రిపోర్టులు.

పోయిన వారం ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు కొత్త స్క్రీన్ అడిగారు. ఫ్యాకల్టీ పేరు కొట్టి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఇస్తే అన్ని రోజులకీ ఇన్‌టైమ్, అవుట్‌టైమ్ పడిపోవాలి. ఆదివారాలు, పండగలు దానంతట అదే వదిలేయాలి. ఇన్‌టైమ్ అందరికీ ఒకటే ఉండకూడదట. 8:52కీ 9:07కీ మధ్య ఎక్కడో పడాలి, సెకన్లు కూడా తేడాగా ఉండాలి. ఎందుకంటే పోయినసారి ఇన్‌స్పెక్షన్‌కి వాళ్ల ఆపరేటర్ ఎక్సెల్‌లో నింపి అప్‌లోడ్ చేస్తే నలభై ఆరు మందికీ 9:00:00 పడిందట. వచ్చినాయన ఆ కాగితం చూసి "అందరూ కలిసి ఒకే వేలు పెట్టారా?" అన్నాడట.

ఇంతవరకు నవ్వుకున్నాను. అసలు మెలిక రెండో షరతులో ఉంది. మా ప్రోడక్ట్‌లో ఎవరు ఏది మార్చినా ఒక ట్రిగ్గర్, అంటే దానంతట అదే నడిచే చిన్న కోడ్, లాగ్ టేబుల్‌లో రాసుకుంటుంది. పాత విలువ, కొత్త విలువ, ఎవరు, ఎప్పుడు. మూడేళ్ల క్రితం ఆ ట్రిగ్గర్ రాసింది నేనే. ఈ స్క్రీన్ నుంచి వచ్చే మార్పులు మాత్రం అందులో పడకూడదట. స్టూడెంట్ అటెండెన్స్‌కీ ఇదే స్క్రీన్ వాడతారట.

మా సార్‌తో అంటే "మనం కత్తులు అమ్మేవాళ్లం శీనూ. దాంతో వంకాయలు తరుగుతాడో ఇంకేం చేస్తాడో వాడిష్టం" అన్నారు. ఈఎంఐ 31 వేలు, నోటీస్ పీరియడ్ మూడు నెలలు, పాప ఎల్‌కేజీ. రాసేసి ఊరుకోనా? నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

నైట్‌షిఫ్ట్_నాని
ఎక్కువే ఆలోచిస్తున్నావు. రాసేయ్. నువ్వు కాకపోతే పక్క సీటువాడు రాస్తాడు. డమ్మీ ఫ్యాకల్టీ సంగతి, కాగితం మీదే ఉండి కాలేజీకి రాని సార్ల సంగతి, ఇక్కడ ఎవరికి తెలియదు? నువ్వు ఆపితే ఆగుతుందా?

ఫ్రెషర్_2024
ట్రిగ్గర్‌లో ఒక ఇఫ్ కండిషన్ పెడితే అయిపోతుంది కదా అన్నా? ఏ యాప్ నుంచి వచ్చిందో చూసి రిటర్న్ కొట్టేస్తే చాలు.

డీబీఏ_భాస్కర్
ఎలా చేయాలని కాదు తమ్ముడూ అడిగింది.

వాణి_క్యూఏ
మీ సార్ చెప్పిన కత్తికి పిడి ఉంటుందండీ. పట్టుకున్నవాడి వేలిముద్ర పిడి మీద పడుతుంది. మీ క్లయింట్ అడుగుతున్నది వేలిముద్ర పడని పిడి. వంకాయలు తరగడానికి అది దేనికి?

సెమికోలన్_శీను
వాణి గారూ, ఈ మాట సోమవారం మీటింగ్‌లో నాకు తట్టి ఉంటే ఎంత బాగుండేది.

బ్యాక్‌లాగ్_బుజ్జి
మా కాలేజీలో ఒక ప్రొఫెసర్ గారు ఉండేవారు. నాలుగేళ్లలో ఒక్కసారి చూశాం, అదీ ఇన్‌స్పెక్షన్ రోజున. స్టాఫ్ రూమ్ ఎటు బాబూ అని మమ్మల్నే అడిగారు.

డల్లాస్_బాబాయ్
నానీ, "పైవాళ్లు చెప్పారు, రాశాను" అనే మాట కోర్టులో నిలబడదు. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల కేసు గుర్తుందా? 2015లో బయటపడింది. కారు టెస్ట్ మీద ఉందా రోడ్డు మీద ఉందా అని సాఫ్ట్‌వేరే కనిపెట్టేది. టెస్ట్‌లో అయితే పొగ శుభ్రంగా వదిలేది, రోడ్డు మీదికి రాగానే కంట్రోల్ సడలించేది. అందులో పనిచేసిన జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీర్‌కి 2017లో డెట్రాయిట్ కోర్టు 40 నెలల జైలు, 2 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆయన కంపెనీకి ఓనరూ కాదు, డైరెక్టరూ కాదు. ఇంజనీర్.

నైట్‌షిఫ్ట్_నాని
బాబాయ్, అది అమెరికా. అటెండెన్స్ మార్చినందుకు ఇక్కడ ఎవడిని లోపలేశారు? పొగతో జనం ఊపిరితిత్తులు పోతాయి. ఇక్కడ ఎవడికి ఏం పోయింది? ఒక సార్ రాకపోయినా వచ్చాడని పడింది, అంతే.

పాత_కోబాల్
ఇక్కడిదే చెప్తాను, దూరం ఎందుకు. 2009 జనవరి 7. అప్పుడు నేను మాదాపూర్‌లో వేరే కంపెనీలో ఉన్నాను. మధ్యాహ్నానికి సత్యం రామలింగరాజు గారు కంపెనీ లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం ప్రింటవుట్ క్యాంటీన్‌లో చేతులు మారుతోంది. అన్నం ప్లేటు ముందు పెట్టుకుని ఎవరూ తినలేదు. మాలో ప్రతివాడికీ అక్కడ బావో మరదలో ఉన్నారు మరి.

ఆ ఉత్తరం సంగతి అందరికీ తెలుసు. సాఫ్ట్‌వేర్ సంగతి చాలామందికి తెలియదు. ఇన్‌వాయిస్‌లు చేసే సిస్టమ్‌లో "సూపర్ యూజర్" అని ఒక దారి ఉండేది. దాంతో ఎక్కించిన ఇన్‌వాయిస్‌లు మామూలు లాగిన్ ఉన్నవాళ్లకి కనిపించేవి కావు, మొత్తం ఆదాయం లెక్కలో మాత్రం కలిసేవి. సీబీఐ లెక్కన అలాంటివి 7,561, విలువ 5,117 కోట్లు. అంటే ఆ ప్రాజెక్ట్ నడిపేవాడికి కూడా తన ప్రాజెక్ట్ పేరు మీద దొంగ బిల్లు ఉందని తెలియదు.

ఇన్నేళ్లుగా నా బుర్రలో తిరిగేది ఒకటే. ఆ దాచే ఫీచర్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో ఒకరు ఒక మామూలు మంగళవారం నాడు టీ తాగుతూ కూర్చుని కోడ్ కొట్టి ఉంటారు. ఎందుకని అడిగాడో లేదో. బహుశా అతనికి చెప్పిన కారణం కూడా సబబుగానే ఉండి ఉంటుంది.

2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ కోర్టు పది మందికి ఏడేళ్లు వేసింది. ఛైర్మన్ ఒక్కడికే కాదు, ఫైనాన్స్ విభాగంలో అసిస్టెంట్ మేనేజర్ స్థాయి ఉద్యోగికి కూడా అదే ఏడేళ్లు. తర్వాత అప్పీల్‌లో శిక్ష నిలిపి బెయిల్ ఇచ్చారు, అది వేరే సంగతి. నానీ, "ఇక్కడ ఎవడిని లోపలేశారు" అన్నావుగా, అందుకు చెప్పాను.

అమీర్‌పేట్_2011
అందరం నీతులు బాగానే చెప్తున్నాం. ఈ థ్రెడ్‌లో ఉన్నవాళ్లలో ఎంతమంది ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టకుండా మొదటి ఉద్యోగం తెచ్చుకున్నారో చేతులెత్తండి. నేను ఎత్తను. మైత్రీవనం వెనక సందులో కోచింగ్, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్‌లు, అన్నీ ప్యాకేజీ. ఆ కంపెనీ ఆఫీస్ బోర్డు కూడా నేను చూడలేదు. బీజీవీ (పాత ఉద్యోగం నిజమా కాదా అని ఆరా తీసే) వాళ్ల ఫోన్ వస్తుందేమోనని ఆరు నెలలు నిద్ర పట్టలేదు.

అలాంటి మనం కాలేజీవాడు డమ్మీ ఫ్యాకల్టీ పెట్టాడని ఏడవడం ఏంటి? వాడు చేసిందీ మనం చేసిందీ ఒకటే.

నైట్‌షిఫ్ట్_నాని
చప్పట్లు. మొత్తం థ్రెడ్‌లో నిజాయితీగా ఉన్న పోస్టు ఇదొక్కటే.

వాణి_క్యూఏ
ఒకసారి తప్పు చేసినవాడు జన్మంతా నోరు మూసుకోవాలంటే ఇక దేశంలో మాట్లాడేవాడే మిగలడు. అయినా నిజంగా మూడేళ్లు పనిచేసి, మీ పక్కన అదే ఇంటర్వ్యూకి కూర్చుని, మీ వల్ల ఉద్యోగం రానివాళ్లు కూడా ఉంటారు. నేను ఉన్నాను. ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాను. కాబట్టి ఎవరికీ ఏమీ పోలేదనకండి.

అమీర్‌పేట్_2011
మీరు చెప్పింది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

మోడరేటర్_2
కాలేజీ పేరు ఊహిస్తూ పెట్టిన మూడు పోస్టులు తీసేశాను. పేర్లు వద్దు. కంపెనీవైనా సరే, కాలేజీవైనా సరే.

బ్యాక్‌లాగ్_బుజ్జి
తీసేసినట్టు లాగ్ ఉందా మోడ్ గారూ?

మోడరేటర్_2
ఉంది. ఎవరు రాశారు, ఎవరు తీశారు, ఎప్పుడు, అన్నీ.

బోర్డు_చాక్‌పీస్
సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్లు మెకానికల్ చెప్పాను. "ఎవడికి ఏం పోయింది" అన్న నాని గారి కోసం రాస్తున్నాను.

మా నాన్నగారు పోయినప్పుడు నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఆ నెల జీతంలో పదకొండు రోజులు కోసేశారు. అడిగితే రిపోర్ట్ చేతిలో పెట్టారు, పదకొండు రోజులు ఆబ్సెంట్. నేను వచ్చాను సార్, వేలు పెట్టాను సార్ అంటే "సిస్టమ్‌లో లేదండీ" అన్నారు. అంతకు పది రోజుల ముందు చూసిన రిపోర్ట్‌లో నా టైములు నా కళ్లతో చూశాను. ఎవరు మార్చారని అడిగితే "సిస్టమ్‌లో మార్చడం కుదరదు" అన్నారు. రాని సార్లకి వచ్చినట్టు వేయగలిగిన స్క్రీన్‌కి వచ్చినవాడికి రానట్టు వేయడం ఎంతసేపు?

ఆ తర్వాత నుంచి రోజూ పొద్దున వేలు పెట్టగానే మెషిన్ మీద వచ్చే "థాంక్యూ" స్క్రీన్‌ని ఫోన్‌లో ఫోటో తీసుకునేవాణ్ణి. నా వెనక లైన్‌లో అటెండర్ నవ్వేవాడు. కాలేజీ మానేసే రోజుకి నా ఫోన్‌లో 214 థాంక్యూలు ఉన్నాయి. జీతం బకాయి దగ్గర అవి చూపిస్తే "ఫోటోలు ఎవరైనా తీస్తారు" అన్నారు.

ఆ స్క్రీన్ రాసినవాడెవరో నాకు తెలియదు. కోపం కూడా లేదు. అతనికి నేనొకణ్ణి ఉన్నానని తెలియదు కదా.

సెమికోలన్_శీను
సార్, పొద్దున్నుంచి మీ పోస్టు నాలుగుసార్లు చదివాను.

డీబీఏ_భాస్కర్
చాక్‌పీస్ సార్ చెప్పినదాంట్లోనే అసలు విషయం ఉంది. ఎడిట్ అనేది దొంగతనం కాదు. మెషిన్ పాడవుతుంది, కరెంట్ పోతుంది, గోరింటాకు పెట్టుకున్న మేడమ్ వేలు పడదు, ఓడీ మీద, అంటే కాలేజీ పని మీద బయటికి, వెళ్లినవాళ్లు ఉంటారు. దిద్దాల్సిందే. దిద్దినట్టు జాడ ఉండాలి, అంతే. జాడ లేకపోతే నింద ఎప్పుడూ కింద కూర్చున్నవాడి మీదికే జారుతుంది.

నేను చూసింది ఒకటి. పదేళ్ల క్రితం ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి డేటాబేస్ సపోర్ట్ చేసేవాణ్ణి. బిల్లు రద్దు చేస్తే వరుస మొత్తం డిలీట్ అయిపోయేది, లాగ్ లేదు. నెలాఖరుకి క్యాష్‌లో లక్షా ఎనభై వేలు తేడా. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయిని పట్టుకున్నారు. ఆమె ఏడుపు పై అంతస్తు వరకు వినిపించింది.

నన్ను "ఏమైనా తీయగలవా" అని అడిగారు. లాగ్ లేకపోతే ఏం తీస్తాను? రాత్రి 10 గంటల బ్యాకప్, పొద్దున 6 గంటల బ్యాకప్ రెండూ పక్కపక్కన పెట్టి బిల్లు నంబర్లు పోల్చుకుంటూ కూర్చున్నాను. నెల రోజులవి. రాత్రి ఉన్న బిల్లులు పొద్దునకి లేవు. వారానికి రెండు, మూడు. ఆ అమ్మాయి తొమ్మిది గంటల బస్సుకి వెళ్లిపోయేది, సెక్యూరిటీ రిజిస్టర్‌లో సంతకం ఉంది. పది దాటాక తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో అందరికీ తెలుసు.

కాగితం మీద పెట్టి ఇచ్చాను. ఆయన్ని వేరే బ్రాంచికి మార్చారు. ఆ అమ్మాయిని మాత్రం మళ్లీ పిలవలేదు. "అప్పటికే సెటిల్ చేసి పంపించేశాం" అన్నారు. అప్పటి నుంచి నేను చేతులు పెట్టిన ఏ డేటాబేస్‌లోనూ డబ్బుకి సంబంధించిన టేబుల్‌కి డిలీట్ పర్మిషన్ ఎవరికీ ఇవ్వను. ఓనర్‌కి కూడా ఇవ్వను. తిట్టుకుంటారు.

లీడ్స్_లక్ష్మి
భాస్కర్ గారి కథే ఇక్కడ యూకేలో దేశం మొత్తం మీద జరిగింది. పోస్టాఫీసుల్లో హొరైజన్ అని ఫుజిత్సు వాళ్ల సాఫ్ట్‌వేర్. 1999 నుంచి 2015 వరకు, లెక్క తక్కువ చూపిస్తోందని ఊళ్లలో పోస్టాఫీస్ నడిపేవాళ్ల మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. ఇల్లు తాకట్టు పెట్టి లేని బాకీ కట్టినవాళ్లు ఉన్నారు. మన భారత సంతతి వాళ్లు చాలామంది. గర్భంతో ఉన్న ఒకావిడని 2010లో జైలుకి పంపారు.

వాళ్లు కోర్టులో "బయటి నుంచి ఎవరైనా మా లెక్క మార్చి ఉండవచ్చా" అని అడిగితే పోస్టాఫీస్ కుదరదనే చెప్తూ వచ్చింది. చాక్‌పీస్ గారికి చెప్పిన మాటే. నిజానికి ఫుజిత్సు వాళ్లు దూరం నుంచి బ్రాంచి ఖాతాల్లోకి వెళ్లగలరు, ఆ బ్రాంచిలో కూర్చున్నవాళ్లకి తెలియకుండానే. 2019 డిసెంబర్‌లో హైకోర్టు తీర్పు వచ్చాకగానీ ఇది గట్టిగా తేలలేదు. 2024లో ఏకంగా పార్లమెంట్ చట్టం చేసి శిక్షలు కొట్టేయాల్సి వచ్చింది. అప్పటికి కొందరు చనిపోయారు.

నాకు గుచ్చుకునేది ఏమిటంటే, ఆ సిస్టమ్‌లో తప్పులున్నాయని లోపల పనిచేసే ఇంజనీర్లకి తెలుసు. టికెట్లు ఉన్నాయి, తప్పుల జాబితాలు ఉన్నాయి. మనం టికెట్లు రాసుకునే జిరాలో "తెలిసిన ఇష్యూ" అని పెట్టి మూసేస్తాం కదా, అలాగే.

నైట్‌షిఫ్ట్_నాని
సరే, ఇది మాత్రం తెలియదు నాకు. కానీ శీను పరిస్థితి వేరు. ముప్పై ఒక్క వేల ఈఎంఐ ఫుజిత్సు కట్టదు. డాక్టర్‌కి మెడికల్ కౌన్సిల్ ఉంది, లాయర్‌కి బార్ కౌన్సిల్ ఉంది. "నా లైసెన్స్ పోతుంది సార్" అని ఒక సాకు చెప్పుకోవచ్చు. మనకి పోవడానికి లైసెన్సే లేదు. ఉద్యోగమే పోతుంది.

పాత_కోబాల్
ఈ మాట బాగుంది నానీ. ఏసీఎం అనే కంప్యూటర్ వృత్తివాళ్ల అంతర్జాతీయ సంఘం నీతి నియమావళి ఒకటి ఉంది, 2018లో కొత్తగా రాశారు, హాని చేయొద్దు, నిజాయితీగా ఉండు అని. మంచిదే. కానీ అది పట్టుకెళ్లి బాస్ ముందు పెడితే టీ కప్పు కింద పెట్టుకుంటాడు. మనకి కావలసింది కుదరదు అని చెప్పడానికి ఒక గట్టి కాగితం.

టాలీ_వాళ్లాయన
కాగితం నా దగ్గర ఉంది. మా ఆవిడ అకౌంట్స్ చూస్తుంది, అందుకే తెలుసు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు అని కేంద్రం రూల్ తెచ్చింది. రెండుసార్లు వాయిదా పడి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వరకు మా ఆవిడ దగ్గరికి మార్చి 31 రాత్రి "పాత తేదీ వేసి ఒక్క ఎంట్రీ మార్చమ్మా" అని ఫోన్లు వచ్చేవి. ఇప్పుడు "లాగ్‌లో పడుతుంది సార్" అంటే చాలు, ఫోన్ పెట్టేస్తున్నారు.

శీను గారూ, మీ ప్రోడక్ట్‌లో ఫీజుల మాడ్యూల్ కూడా ఉందన్నారు. అటెండెన్స్‌కి ఈ రూల్ వర్తించదు, నిజమే. కానీ ఫీజుల దగ్గర ఎవరైనా ఆడిటర్ అడిగితే, అదే డేటాబేస్‌లో ట్రిగ్గర్ ఆపే స్విచ్ కనిపిస్తే? మీ సార్‌కి ఈ కోణం చెప్పండి. నీతి కన్నా ఆడిటర్ అంటే ఎక్కువ భయం ఉంటుంది ఎవరికైనా.

ఫ్రెషర్_2024
ఇది సూపర్ పాయింట్.

పర్మిషన్_పవన్
చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో నేను ఒక లోన్ యాప్‌కి ఆండ్రాయిడ్ డెవలపర్‌ని. ఇన్‌స్టాల్ చేయగానే కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగే కోడ్ నాదే. "ఎందుకు?" అని అడిగాను. "క్రెడిట్ స్కోరింగ్‌కి, ఫోన్‌లో ఎక్కువ నంబర్లు ఉంటే మనిషి నికరం" అన్నారు. తెలివైన ఐడియాలా అనిపించింది కూడా. మొత్తం లిస్ట్ సర్వర్‌కి పంపే లైన్లు ఎన్ని? పట్టుమని ఇరవై లేవు.

నవంబర్‌లో ఖమ్మం నుంచి మా మామయ్య ఫోన్. "ఒరేయ్, మా పక్కింటి కుర్రాడు ఎవరి దగ్గరో అప్పు చేశాడట, వాణ్ణి దొంగ అంటూ నాకు మెసేజ్‌లు పెడుతున్నారు, నా నంబర్ వాళ్లకి ఎలా వెళ్లింది?" ఏ యాప్ అని అడిగాను. పేరు చెప్పాడు. ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ డిసెంబర్‌లోనే తెలంగాణలో ఆత్మహత్యల వార్తలు, హైదరాబాద్‌లో కాల్ సెంటర్ల మీద పోలీసు దాడులు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్, లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫోటోలు, కాల్ లిస్ట్ ముట్టుకోకూడదని చెప్పింది. నేను అప్పటికి మానేశాను, కానీ మంచితనంతో కాదు, కంపెనీ మూతపడితే మానేశాను. అదే నాకు ఇప్పటికీ చేదుగా ఉంటుంది.

శీను అన్నా, నాకు ఆ రోజు కారణం చెప్పి మోసం చేశారు. నీకు కారణం కూడా దాచకుండా చెప్తున్నారు.

వాణి_క్యూఏ
పవన్, ఇది రాయడానికి ధైర్యం కావాలి.

బోడుప్పల్_బాలు
2019 ఇంటర్ రిజల్ట్స్ కూడా ఈ కోవలోకే వస్తాయి. తెలంగాణలో ఒక అమ్మాయికి తెలుగులో 99 వస్తే 0 పడింది. ఓఎంఆర్‌లో దిద్దినాయన సున్నాలు బబుల్ చేశాడు, సిస్టమ్ కళ్లు మూసుకుని తీసుకుంది. రిజల్ట్స్ వచ్చిన రోజుల్లో ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన మూడు లక్షల పైచిలుకు మందివీ ఉచితంగా మళ్లీ చూస్తే 1,137 మంది పాసయ్యారు.

మా చిన్నాన్న కూతురు ఆ బ్యాచే. రిజల్ట్ వచ్చిన రాత్రి ఇంట్లో అందరం వంతులు వేసుకుని మేలుకున్నాం.

డీబీఏ_భాస్కర్
అది లాగ్ సమస్య కాదు, చెక్ లేకపోవడం. రెండూ ఒకటి కాదు బాలూ. మిగతా సబ్జెక్టులన్నీ బాగా రాసిన పిల్లకి ఒక్కదాంట్లో సున్నా వస్తే "ఒకసారి చూడండి" అని ఒక్క ఎర్ర గీత రావాలి. రాయడానికి అరపూట పని.

బోడుప్పల్_బాలు
ఒకటి కాదనే అనుకో. ఆ అరపూట పని "తర్వాత చూద్దాం, రిజల్ట్ డేట్ దగ్గర పడింది" అని ఎవరో వాయిదా వేసి ఉండరా? డెడ్‌లైన్ ముందు మనం అందరం తీసేసేది చెక్‌లే. నేను తీసేశాను, చాలాసార్లు. వేరే సాఫ్ట్‌వేర్‌లలో, అంత ప్రమాదం లేనివాటిలో. లేనివే అనుకుంటున్నాను.

డల్లాస్_బాబాయ్
శీనూ, చివరికి ఏమైంది? పది రోజులైంది, చప్పుడు లేదు.

సెమికోలన్_శీను
అప్‌డేట్. టాలీ అన్న చెప్పింది పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను. స్క్రీన్ రాస్తాను సార్, కానీ కారణం తప్పనిసరిగా కొట్టాలి, ప్రిన్సిపాల్ లాగిన్‌తో అప్రూవ్ కావాలి, లాగ్ పడాలి అన్నాను. ఎస్టిమేట్ కూడా వేసుకుని వెళ్లాను, రెండున్నర రోజులు. ఆడిటర్ మాట ఎత్తగానే సార్ కాసేపు ఫ్యాన్ వైపు చూశారు. తర్వాత "నీకు ఇబ్బందైతే వదిలేయ్, వేరేవాళ్లకి ఇస్తాను" అన్నారు. గొడవ కూడా పడలేదు. గొడవ పడితే బాగుండేది.

ఇచ్చింది ఎవరికో తెలుసా? ఏప్రిల్‌లో చేరిన అమ్మాయికి. మొదటి ఉద్యోగం. నిన్న సాయంత్రం నా సీటు దగ్గరికి వచ్చి "అన్నా, ట్రిగ్గర్ డిసేబుల్ చేయడం ఎలా?" అని అడిగింది.

నైట్‌షిఫ్ట్_నాని
నేను ముందే చెప్పాను. పక్క సీటు.

వాణి_క్యూఏ
ఆ అమ్మాయికి ఏం చెప్పారు? ఇప్పుడు మీరు చెప్పకపోతే గూగుల్ చెప్తుంది.

సెమికోలన్_శీను
మొత్తం చెప్పాను. చాక్‌పీస్ సార్ 214 ఫోటోలు కూడా. తన కళ్లు పెద్దవయ్యాయి. "నేను వద్దంటే తీసేస్తారు అన్నా, ఇంకా ప్రొబేషన్" అంది. వద్దని చెప్పకు, ఒక్కటే అడుగు, "సార్, ఈ స్క్రీన్‌కి లాగ్ ఆపాలని ఒక మెయిల్ పెట్టండి, కోడ్ కామెంట్‌లో ఆ మెయిల్ తేదీ రాసుకుంటాను" అని అడుగు అన్నాను. భయపడుతూనే వెళ్లి అడిగింది.

సార్ సరే అన్నారు. మెయిల్ పెట్టడానికి క్లయింట్‌ని మెయిల్ పెట్టమన్నారు. క్లయింట్ "ఫోన్‌లో చెప్పాం కదా" అన్నాడు.

డీబీఏ_భాస్కర్
హహ. జాడ పడకూడదన్నవాడు మెయిల్ ఎందుకు పెడతాడు!

టాలీ_వాళ్లాయన
మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ అమ్మాయికి స్వీట్ బాక్స్ పంపమంది.

పాత_కోబాల్
శీనూ, వారం దాటింది. టికెట్ స్టేటస్ ఏమని ఉంది?

సెమికోలన్_శీను
"క్లయింట్ క్లారిఫికేషన్ కోసం వెయిటింగ్." ఎనిమిది రోజులుగా. వాళ్లు వేరే వెండర్‌తో మాట్లాడుతున్నారని సేల్స్ అబ్బాయి అన్నాడు. పోతే ఏడాదికి నాలుగు లక్షల కాంట్రాక్ట్ పోతుంది. సార్ మొహం చూస్తే ఇంక్రిమెంట్ అడిగే ధైర్యం లేదు. నేనైతే మూడు నెలల నోటీస్ మొదలుపెట్టేలా ఉన్నాను. ఎవరి కంపెనీలోనైనా డాట్‌నెట్ ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి.

నైట్‌షిఫ్ట్_నాని
మా దగ్గర ఉంది. రెజ్యూమే పంపు, రిఫర్ చేస్తాను. నైట్ షిఫ్ట్, క్యాబ్ ఇస్తారు.

డీబీఏ_భాస్కర్
నాని రిఫర్ చేస్తున్నాడా! ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి ఎవరైనా, తర్వాత ఎడిట్ చేసేస్తాడు.

నైట్‌షిఫ్ట్_నాని
ఎడిట్ చేస్తే లాగ్‌లో పడుతుందని మోడ్ గారు చెప్పారుగా. శీనూ, ఒక్క మాట. రెజ్యూమేలో ఆరేళ్లూ నిజమేనా?

సెమికోలన్_శీను
ఐదేళ్ల ఎనిమిది నెలలు. మొదటి పోస్టులో రౌండ్ చేశాను, సారీ.